జాలరిపేట దొరసాని

జాలరిపేటలో నూకాలు నోటికి జడవనివాడు లేడు. ఆ మాట ఆమెతోనే అని చూడండి, "నా నోరు పెద్దది కాదు, మీ సెవులే మెత్తన" అంటుంది. నెత్తిన తట్ట పెట్టుకుని సీతమ్మధార వీధుల్లో ఆమె కేక వేస్తే మూడో అంతస్తులో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి గిన్నె వెతుక్కుంటారు. ఒకసారి ఒక ఇల్లాలు చేప మొప్ప ఎత్తి చూసి, వాసన చూసి, మళ్ళీ ఎత్తి చూసి, "నిన్నటిదేమో" అని మూతి విరిచింది. నూకాలు చేపను తట్టలోకి లాక్కుంది. "నిన్నటిదైతే నిన్న నీకే అమ్మీసుందును తల్లీ" అని చక్కా పోయింది. ఆ మర్నాటి నుంచి ఆ ఇల్లాలే గేటు దగ్గర కాపలా కాసి మరీ పిలిచేది.

అలాంటి మనిషి గుర్రాన్ని పెంచింది. ఎందుకు పెంచావమ్మా అని అడిగినవాళ్ళకు ఆమె ఏనాడూ తిన్నగా సమాధానం చెప్పలేదు. కనుక నేనే చెబుతాను.

నూకాలు భర్త పోలిరాజు వేటకు వెళ్ళే మనిషి, పడవలో చుక్కాని పట్టేది అతనే. సముద్రం మీద పులి, ఒడ్డున పిల్లి. ఎవరు ఏమన్నా "అలాగేలే" అనడం తప్ప అతని నోట ఇంకో మాట రాదు. అతని చిన్నాన్న కొడుకు సన్యాసిరాజు వేట మానేసి బీచ్ రోడ్డులో గుర్రాల సవారీ పెట్టుకున్నాడు. పందేల్లో పరుగెత్తి పరుగెత్తి ఇక పనికిరాని గుర్రాలను హైదరాబాదు నుంచి తోలుకొచ్చే బ్రోకరు ఒకడున్నాడు. అతని దగ్గర కొన్న గుర్రాలకు పూసల దండలు వేసి, తోకకు జరీ కట్టి, పిల్లలను ఎక్కించి అటు ఇటు తిప్పేవాడు. ఆ గుంపులో వచ్చిందే ఈ ఆడగుర్రం. గోధుమ రంగు ఒళ్ళు, నుదుట తెల్లమచ్చ, అంతంత పొడుగు కాళ్ళు. పందెం మైదానంలో దాని పేరు నార్దన్ ప్రామిస్ అట. పేరుకేం, దివ్యంగా ఉంది. ఒక్క పందెమైనా గెలిచిన పాపాన మాత్రం పోలేదు.

ఒక సాయంత్రం పెళ్ళికి ముందే ఫోటోలు తీయించుకునే జంట ఒకటి వచ్చింది. పెళ్ళికొడుకును షేర్వాణీతో సహా గుర్రమెక్కించారు. నెత్తి మీద డ్రోన్ జుయ్యిమంటూ దిగేసరికి గుర్రం బెదిరి ఒక్క ఎగురు ఎగిరింది. పెళ్ళికొడుకు ఇసుకలో చతికిలపడ్డాడు. ముందుగా పకపకా నవ్వింది పెళ్ళికూతురే. సన్యాసిరాజుకు పరువు పోయినట్టయింది. తాడు మడతపెట్టి గుర్రాన్ని మూతి మీదా కాళ్ళ మీదా బాదడం మొదలుపెట్టాడు. ఖాళీ తట్టతో ఇంటికి పోతున్న నూకాలు అది చూసింది. తట్ట కింద పడేసి వెళ్ళి అతని చేతిలోని తాడు పట్టుకుంది.

"ఏటిరా సన్యాసీ, అది నోరులేనిదనా? నన్ను కొట్టు సూద్దాం."

"నీకెందుకు ఒదినా? దీని మేత నాకు దండగ. అంత జాలైతే నువ్వే తోలుకుపో!"

"తోలుకుపోతన్నాను. అందరూ ఇన్నారు కదా?"

అక్కడ ఉన్నవాళ్ళందరూ విన్నారు. ముంతమసాలా బండివాడు విన్నాడు, ఐస్‌క్రీమువాడు విన్నాడు, పెళ్ళికూతురు ఫోనులో పట్టింది కూడా. నూకాలు ఒక చేత్తో తట్ట, ఇంకో చేత్తో గుర్రం పట్టుకుని బీచ్ రోడ్డు మీదుగా నడిచింది. వెనక కార్లు హారన్లు కొడుతుంటే తిరిగి చూసి "కొట్టుకోండి, మీ బ్యాటరీయే కదా" అంది.

ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్న పోలిరాజు తలెత్తాడు.

"ఒలే, ఇదేటే?"

"గుర్రం."

"అది కాదే, ఇదేటి అని."

"గుర్రమని సెప్పినాను కదా మావా. మొకం అటుంది, తోక ఇటుంది. నీళ్ళు ఎట్టు."

పోలిరాజు బకెట్టుతో నీళ్ళు పెట్టాడు. గుర్రం ముట్టలేదు. ఆ బకెట్టులో అంతకుముందు రొయ్యలు కడిగారు. నూకాలు కొత్త బకెట్టు తెచ్చి, కుళాయి నీళ్ళు పట్టి పెడితే అప్పుడు తాగింది. "ఓలమ్మో, దొరసాని వొచ్చీసింది" అంది పక్కింటి గంగాలమ్మ. ఆ పేరే స్థిరపడింది.

మరి జాలరులకు గుర్రం పెంపకం ఏం తెలుసు? దొరసాని గిట్టలు బీటలు వారి ఉన్నాయి. బీటలు వారిన చెక్క పడవకు ఏం చేస్తారు? సొరచేప నూనె రాస్తారు. నూకాలు అటక మీద నుంచి పాత పడవల కాలం నాటి నూనె డబ్బా దింపింది. గిట్టలకు రాసింది. రాసిన కొద్దీ ముచ్చటేసి కాళ్ళకు రాసింది, కాళ్ళతో ఆగక వీపుకీ మెడకీ పట్టించింది. తెల్లారేసరికి జాలరిపేటలో ఉన్న పిల్లులన్నీ దొరసాని చుట్టూ పేరంటానికి వచ్చినట్టు కూర్చున్నాయి. ఆ కంపుకు పోలిరాజే ముక్కు మూసుకున్నాడంటే ఇక మీరే ఊహించుకోండి.

ఆ కంపులోకే వచ్చాడు సుందర్ రాజ్. ముసలాయన. బతుకంతా పందెపు గుర్రాల లాయాల్లో పనిచేసి, ఒళ్ళు అలిసి పెందుర్తిలో కూతురి దగ్గరకు చేరాడు. ఆదివారం చర్చి అయ్యాక, తెల్లచొక్కాతో బస్సెక్కి గుర్రాలను చూడటానికి బీచికి వస్తాడు. చేపలు అమ్మే ఆవిడ జాతిగుర్రాన్ని తీసుకుపోయిందని వినీ వినగానే పరుగున వచ్చాడు. వచ్చి, చూసి, వాసన పీల్చి, రెండు చేతులూ ఆకాశానికి ఎత్తాడు.

"ప్రభువా! గుర్రానికి పడవ నూనె పూశావా తల్లీ!"

"మరేటి పూత్తారు బావూ, సెంటా?"

ఆయనకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. చొక్కా విప్పి పక్కన పెట్టి, సబ్బూ కొబ్బరిపీచూ అడిగి, దొరసానిని రుద్ది రుద్ది కడిగాడు. నూకాలు పిల్లులను తోలుతుంటే ఒకటి మాత్రం కదలనంది. ఒంటికన్ను పిల్లి. దొరసాని కూడా మెడ వంచి దాన్ని మూతితో తన కాళ్ళ మధ్యకు నెట్టుకుంది.

"దాన్ని ఉండనీ. జాతిగుర్రాలకు అలాంటి స్నేహాలు ఉంటాయి" అన్నాడు సుందర్ రాజ్. "హంగేరీ దేశంలో కించెమ్ అని ఒక ఆడగుర్రం ఉండేది. ఎన్ని దేశాలు తిరిగినా ఒక్క పందెమూ ఓడలేదు. దానికి ఒక పిల్లి స్నేహం. ఒకసారి ఓడ దిగాక పిల్లి కనబడలేదట. దొరికిందాకా రైలెక్కనని మొరాయించిందట."

నూకాలు చేతిలోని చీపురు కింద పెట్టి కూర్చుంది. "రైలుని ఆపీసిందా, పిల్లి కోసం?"

"ఆపేసిందనే చెబుతారు."

"బాగుంది కించెమ్మ!" అంది నూకాలు. ఆ రోజు నుంచి ఆ హంగేరీ గుర్రం జాలరిపేటలో కించెమ్మ అయింది, ఏదో మన ఎల్లమ్మకు చెల్లెలైనట్టు.

తర్వాత ప్రతి ఆదివారం ఇదే వరస. సుందర్ రాజ్ గిట్టలు చెక్కుతూ కథ చెబుతాడు. నూకాలు చేప కోస్తూ వింటుంది, మర్నాడు సీతమ్మధారలో తట్ట దించినచోటల్లా చెబుతుంది. ఎక్లిప్స్ అని ఇంగ్లండులో ఒక గుర్రం సూర్యగ్రహణం రోజున పుట్టిందట, అందుకే ఆ పేరు. గ్రహణం రోజున పుట్టి ఒక్కసారీ ఓడలేదు. ఇవాళ పందేల్లో పరుగెత్తే గుర్రాల్లో చాలా వాటికి తాతలకు తాత అదే. ఈ కథ చెప్పి నూకాలు, గ్రహణం రోజున పుట్టాడని గంగాలమ్మ మనవణ్ణి శనిగాడనే వాళ్ళ నోళ్ళన్నీ మూయించింది. ఫార్ లాప్ అనే గుర్రం చచ్చిపోతే గుండె ఒక ఊళ్ళో, తోలు ఇంకో ఊళ్ళో, ఎముకలు మరో దేశంలో దాచుకున్నారంటే మాత్రం ఆమెకు ఒళ్ళు మండింది. "బతికినంత కాలం పరిగెట్టించినారు, సచ్చినాకైనా ఒకేచోట తొంగోనివ్వరేటి!" అని సుందర్ రాజ్ మీదే కేకలేసింది, ఆ ముక్కలు చేసింది ఆయనే అయినట్టు.

ఇక పడవల సంగతి. తుఫాను గాలి పట్టిన ఒక ఉదయం పోలిరాజు పడవ అలల్లో అడ్డం తిరిగి ఇసుకలో కూరుకుపోయింది. లాగడానికి సరిపడా జనం లేరు. కుర్రవాళ్ళు సగం మంది స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనులకూ పోర్టుకూ పోతున్నారాయె. ప్రతి అలకూ పడవ పక్కకు ఒరుగుతోంది. నూకాలు ఇంటికి పరుగెత్తి దొరసానిని తెచ్చింది. గోనెసంచులు మడిచి ఎదకు కట్టి, తాడు బిగించి, "హైలెస్సా" అంది. మగవాళ్ళు బిత్తరపోయి చూస్తుండగా దొరసాని మెడ వంచి అడుగు వేసింది. పడవ కదిలింది. ఆ తర్వాత రేవులో ఏ పడవ వచ్చినా దొరసాని కోసం కబురు వచ్చేది. కొన్నాళ్ళకు కబురు కూడా అక్కర్లేకపోయింది. "హైలెస్సా" వినబడితే అదే తాడు తెంచుకునేంత పని చేసేది.

ఆదివారం వచ్చిన సుందర్ రాజ్ అది చూసి కుప్పకూలినంత పని చేశాడు.

"ఇది పందెపు జాతి తల్లీ! దీని వంశం రాణివాసపు వంశం. బండెద్దులా తాడు లాగిస్తావా? పాపం తగులుతుంది."

నూకాలు తాడు చుట్టడం ఆపలేదు. "మరి మొన్న నువ్వే సెప్పినావు కదా బావూ. ఈ జాతికి మూలపురుషులు ముగ్గురనీసి. అందులో ఒకడు పారిస్‌లో నీళ్ళబండి లాగినాడనీసి."

"అది జనం చెప్పుకునే కథ. గొడాల్ఫిన్ నిజంగా లాగిందో లేదో ఎవరికి తెలుసు?"

"కథైనా ఒట్టినే పుట్టదు. తాత నీళ్ళబండి లాగితే తప్పు కాదు, మనవరాలు నా పడవ లాగితే పాపమా? పని సేసుకు బతికితే సిన్నతనమేటి?"

సుందర్ రాజ్ ఆనక గోనెసంచులు విప్పి, అవి భుజం దగ్గర ఒరుసుకుంటున్నాయని గొణిగి, దుప్పటి మడత వేసి తనే మళ్ళీ కట్టాడు.

ఇలా ఉండగా ఒక వేసవిలో దొరసాని ముందుకాలు నేల మీద ఆనించడం మానేసింది. సుందర్ రాజ్ గిట్ట పట్టుకుని నొక్కి చూస్తే గుర్రం ఒళ్ళంతా వణికింది. గిట్ట లోపలి ఎముకకు వాపు వచ్చిందన్నాడు. నయమవుతుందా అంటే, దేవుడి దయ అన్నాడు. నూకాలు మొహం చూసి, ఊరుకోలేక ఒక కథ కూడా చెప్పాడు. ఇంగ్లండులో రెడ్ రమ్‌కూ ఇదే జబ్బు. వాళ్ళ పెద్ద పందేనికి అది పనికిరాదనుకున్నారు. కార్లు అమ్ముకునే మనిషి ఒకడు దాన్ని కొని సముద్రపు ఒడ్డున ఇసుకలో, ఉప్పునీళ్ళలో తిప్పాడు. అది ఆ మహా పందేన్ని మూడుసార్లు గెలిచింది. "కానీ తల్లీ, అన్ని కాళ్ళూ ఆ కాలు కాదు" అన్నాడు.

"నాకు పందెం గెలవక్కర్నేదు. కాలు ఆనితే సాలు" అంది నూకాలు. ఆ రోజు నుంచి పొద్దున్నే చీర ఎగ్గట్టి, దొరసానిని మోకాలి లోతు నీళ్ళలోకి నడిపించి నిలబెట్టేది. అల వచ్చి తాకినప్పుడల్లా దొరసాని తల ఆమె భుజం మీద పెట్టేది. చూసేవాళ్ళు నవ్వేవారు. సముద్రానికి ఎదురు నిలబడి ఆడదీ గుర్రమూ ఏం మాట్లాడుకుంటున్నారురా అని. నవ్వనీ.

కుంటుతోందన్న సంగతి సన్యాసిరాజుకు చేరింది. కుంటి గుర్రాలను తోలుకుపోయే బ్రోకర్లు వేరే ఉంటారు. ఎక్కడికి తోలుకుపోతారో ఎవరూ అడగరు, వాళ్ళూ చెప్పరు. అలాంటివాడితో మాట్లాడుకుని, వ్యాను కూడా పెట్టుకుని జాలరిపేటలో దిగాడు.

"నా గుర్రం నాకు ఇచ్చీ ఒదినా. మేపమని ఇచ్చినాను గానీ నీకు రాసిచ్చీనేదు."

"తోలుకుపో అన్నావు కదరా, అందరి ముందూ!"

"కోపంలో అన్నాను. కోపంలో అన్న మాట లెక్కేటి?"

గొడవ కులపెద్ద ఎల్లాజీ ముందుకు పోయింది. ముసలాయన చుట్ట నములుతూ రెండు పక్షాలూ విన్నాడు. సొత్తు కొన్నవాడిదే అవుతుందన్నాడు ఒకడు. కుంటిది మనకెందుకన్నాడు మరొకడు. దాని చేత పడవలు లాగించుకున్నవాళ్ళ నోళ్ళే ఆ మాటలన్నాయి. పొద్దున్న పడవలు వచ్చాక తేలుద్దామని ఎల్లాజీ లేచాడు. వ్యాను వీధి మొదట్లోనే ఉండిపోయింది.

"పోనియ్యే నూకాలూ. కుంటిది. మనమేటి సెయ్యగలం?" అన్నాడు పోలిరాజు, వేటకు వల భుజాన వేసుకుంటూ.

నూకాలు అతని వైపు చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. ఆమెకు భయం వేసింది. పెళ్ళిలో వెయ్యలేదు, కాన్పులో వెయ్యలేదు, హుద్‌హుద్ తుఫాను నాడు ఇంటి కప్పు ఎగిరిపోతున్నా వెయ్యని భయం ఇప్పుడు వేసింది. ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు కాబట్టి ఇక్కడ చెప్పవలసి వచ్చింది. దొరసాని మెడ కింద చెయ్యి పెట్టి, "నాను బతికుండగా నిన్నా బండి ఎక్కనివ్వను" అంది. ఎలాగో మాత్రం ఆమెకూ తెలియదు.

తెల్లారింది. పడవలు వచ్చాయి. రేవులో వేట ఇసుక మీద పోశారు. సన్యాసిరాజు, బ్రోకరు ఒక పక్కన నిలబడ్డారు. చర్చి రోజు కాకపోయినా కబురు అందుకుని సుందర్ రాజ్ మొదటి బస్సుకే వచ్చి ఇంకో పక్కన నిలబడ్డాడు. ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు. అప్పుడు వచ్చింది నూకాలు. ఒక చేత్తో కుంటుతున్న దొరసానిని నడిపించుకుంటూ, నెత్తిన ఖాళీ తట్టతో.

ఆమె ఎవరితోనూ వాదించలేదు. పోలిరాజు పడవ ముందు తట్ట దించి ఇసుకలో పెట్టింది.

"దొరసానికి బాగోనేదు. వాటా ఎయ్యండి" అంది.

ఆ మాటకు అర్థం అక్కడున్న ప్రతి జాలరికీ తెలుసు. పడవలో పనిచేసే కళాసీ జబ్బుపడి పనికి రాలేకపోతే అతని ఇంటి నుంచి ఆడమనిషి తట్ట తెచ్చి పెడుతుంది. రోగి పేరు చెబుతుంది, అంతే. చుక్కాని పట్టేవాడు ముందుగా ఒక చేప వెయ్యాలి. అతను వేస్తే మిగతావాళ్ళూ వేస్తారు. వెయ్యకపోతే ఆ మనిషి ఆ పడవకు సంబంధించినవాడు కాడని అర్థం. చేప పడిందా, వాడు లేచేదాకా వాడి బాగోగులు పడవ భారం. ఎవరూ వాణ్ణి కాదనడానికి లేదు.

"ఇదేటి సోద్యం!" అని సన్యాసిరాజు పెద్దగా నవ్వాడు. "ఏటి అన్నా, నీ పెళ్ళానికి పిచ్చెక్కిందా? గుర్రం కళాసీ ఏటి?"

పోలిరాజు తమ్ముడి వైపు చూశాడు. ఎల్లాజీ వైపు చూశాడు. నూకాలు వైపు మాత్రం చూడలేదు, చూసే ధైర్యం లేక. నూకాలు కూడా అతని వైపు చూడలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి ఎవరికీ ఎదురు చెప్పిన పాపాన పోలేదు. ఇవాళ చెప్పకపోతే దొరసాని పోతుంది.

పోలిరాజు వంగాడు. నెత్తళ్ళలాంటి చిల్లర చేపలు ముట్టలేదు, కానాగంతలు ముట్టలేదు. ఆ ఉదయం వేటంతటికీ పెద్దదైన కోనెం చేపను, సంతకు పోవలసినదాన్ని, రెండు చేతులా ఎత్తి తట్టలో వేశాడు.

"పడవ బోల్తా పడతన్నప్పుడు తాడు ఇదే లాగినాది తమ్ముడూ" అన్నాడు. "నువ్వు ఫోటోలకాడ ఉన్నావు."

తర్వాత ఇక చెప్పేదేముంది. ఒకడు గుప్పెడు నెత్తళ్ళు వేశాడు. ఇంకొకడు కానాగంతలు వేశాడు. నిన్న కుంటిది మనకెందుకన్నవాడు తల వంచుకుని వచ్చి రెండు చేతులా వేశాడు. పక్క పడవల వాళ్ళు కూడా వచ్చారు, దొరసాని వాళ్ళ తాళ్ళూ లాగింది కదా. సుందర్ రాజ్ జేబురుమాలు తీసి మొహమంతా తుడుచుకున్నాడు.

ఎల్లాజీ చుట్ట ఉమ్మేశాడు. "సేప పడ్డాది. ఇంక మాట నేదు. గుర్రాన్ని అమ్ముకోవచ్చు, కళాసీని అమ్మే హక్కు ఎవుడికీ నేదు. ఆ బండిని ఎలిపొమ్మను."

బ్రోకరు తెలివైనవాడు. ఇంతమంది జాలరుల మధ్య బేరం ఆడకూడదని గ్రహించి ముందే వ్యాను వైపు నడిచాడు. సన్యాసిరాజుకు మాత్రం అవమానం మింగుడుపడలేదు. పొంగిపొర్లుతున్న తట్టను చూపించి అరిచాడు.

"సేపలైతే ఏసినారు, బాగుంది! గుర్రం సేపలు తింటాదేటి ఒదినా? తినిపించు సూద్దాం!"

నూకాలు తట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుంది. దొరసాని తాడు చేతికి చుట్టుకుంది. అతని ముందుకు వచ్చి నిలబడి, కళ్ళలోకి చూసి చెప్పింది.

"జొరమొచ్చిన కళాసీ తింటాడేటిరా? ఆడి ఇంట్లోవోలు తింటారు. దీని ఇంటిదాన్ని నాను."